నిస్సిమ్ పేరున రాసిన ఉత్తరాలు

1973 అక్టోబరు 29, సోమవారం

ఈ నోటుపుస్తకం మా అబ్బాయి నిస్సిమ్‌ది. కాలేజీ కోసమని కొనుక్కున్నాడు. మొదటి ఆరు పేజీల నిండా వాడి గుండ్రటి దస్తూరీలో ఏవో సమీకరణాలున్నాయి. వాటిని చింపలేదు, వచ్చాక వాడికి కావాలి. ఏడో పేజీ నుంచి నేను రాసుకుంటున్నాను. యాభై తొమ్మిదేళ్ళ బుర్ర, ఏ రోజు ఏం జరిగిందో నిలవడం లేదు.

పొద్దున జెవులూన్ వచ్చాడు. సైన్యం వాళ్ళ ఆఫీసు తరఫున మా వీధికి వచ్చే ఆఫీసరు. మామూలు రోజుల్లో బళ్ళో భూగోళం చెప్పుకునే మనిషి. ఈజిప్టుతో యుద్ధం ఆయన చేతిలో మా చిరునామాలు పెట్టింది. తలుపు తీయగానే రెండు చేతులూ పైకెత్తి, "కొత్త కబురేమీ లేదండీ, కాసేపు కూర్చుందామని వచ్చానంతే" అన్నాడు.

"మావాడు ఏ జాబితాలో ఉన్నాడు?" అని అడిగాను.

"ఆచూకీ తెలియనివాళ్ళ జాబితాలో, నహ్మియాస్ గారూ."

"అంటే చనిపోయినవాళ్ళ జాబితాలో లేడు."

"లేడు."

"ఇంకోసారి చెప్పండి."

"లేడండీ."

రెండుసార్లు చెప్పించుకున్నాను. జోయా కాఫీ తెచ్చి బల్లమీద పెట్టి, కూర్చోకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంచి కబురు వినడం నా భార్యకి మొదట్నుంచీ చేతకాదు.

నవంబరు 4

గిలాద్ వచ్చాడు, ఎడమచెయ్యి మెడకి కట్టుకుని. నిస్సిమ్ ఉన్న టాంకుకి డ్రైవరు.

"బాబాయ్, ఆ సోమవారం మధ్యాహ్నం..." అని మొదలుపెట్టాడు.

"ముందు తిను" అన్నాను.

"నేను బయటికి దూకి, వెనక్కి తిరిగి చూసేసరికి..."

"చేప చల్లారిపోతుందిరా."

మూడు ముక్కలు వడ్డించాను. మూడూ తిన్నాడు. వెళ్ళేటప్పుడు జోయా వాడితోపాటు మెట్లు దిగింది. పావుగంటకి గానీ పైకి రాలేదు. ఏమడిగావని నేను అడగలేదు. పొగలో, గందరగోళంలో ఆ కుర్రాడు మాత్రం ఏం చూసుంటాడు.

నవంబరు 16

ఈజిప్టు నుంచి ఖైదీలతో విమానాలు రావడం మొదలైంది. నిన్నటి జాబితాలో లేడు. ఇంకా చాలా విమానాలున్నాయి.

నవంబరు 18

లేడు.

నవంబరు 23

ఆఖరి విమానం వచ్చేసిందంటున్నారు. పేరు పొరపాటుగా రాసుకుని ఉంటారు. నహ్మియాస్ అన్న పేరు అరబీలో నాలుగు రకాలుగా రాయొచ్చు.

నవంబరు 27

మెర్కాడో దగ్గర క్షవరం చేయించుకున్నాను. సలోనికాలో మాది ఒకే వీధి, ఒకే ఫ్రెంచి బడి. ఒకే ఓడలో ఈ హైఫా రేవుకి మూటలు మోయడానికొచ్చాం. రెండేళ్ళకే వాడు తెలివిగా కత్తెర పట్టుకున్నాడు. నేను నడుం విరిగేదాకా మోశాను.

"ఒరేయ్ పేపో, నాకు రెండేళ్ళప్పుడు జ్వరం తగ్గకపోతే మా అమ్మ నన్ను పక్కింటావిడకి అమ్మేసింది, తెలుసుగా. అందుకే మెర్కాడోనయ్యాను, కొనుక్కొచ్చినవాణ్ణి. మృత్యువు పాత పేరు పట్టుకుని పాత గుమ్మంలోకి వచ్చింది. అలాంటివాడు ఈ ఇంట్లో లేడన్నారు. వెళ్ళిపోయింది. గవర్నమెంటు ఆఫీసేరా అది కూడా. చిరునామా తప్పయితే ఫైలు కదలదు."

నవ్వాను. యాభై రోజుల్లో ఇదే మొదలనుకుంటాను.

ఇంటికొచ్చాక కూడా అదే మాట తిరుగుతోంది. చిరునామా తప్పయితే ఫైలు కదలదు.

డిసెంబరు 5

బెల్జియంలోని ఆంట్వెర్ప్ నుంచి నిస్సిమ్ పేరున పార్సెల్ వచ్చింది. అక్కడి మన యూదు ఆడవాళ్ళ సంఘమొకటి ఇక్కడి సైనికులకి ఉన్ని టోపీలు అల్లి పంపుతోందట. మెర్కాడో మరదలు ఆ సంఘంలో ఉంది. యుద్ధం మొదలైన వారంలోనే వాడు మా వీధి కుర్రాళ్ళ పేర్లన్నీ ఆవిడకి ఫోనులో చెప్పేశాడు. ముదురాకుపచ్చ టోపీ. లోపల ఫ్రెంచిలో ఉత్తరం.

"ప్రియమైన నిస్సిమ్, నా పేరు గిత్లా వైన్‌స్టాక్. వయసు అరవై ఆరు. నీ తల ఎంతుంటుందో తెలియక, మా సినగోగుకి ప్రార్థనకొచ్చే ఒక లావుపాటి పెళ్ళికొడుకు తల కొలిచి అల్లాను. వదులైతే తిట్టుకోకు. మేమిక్కడ రేడియో చుట్టూ బతుకుతున్నాం. రక్తం ఇవ్వడానికి మా వీధి మగవాళ్ళంతా బారులు తీరారు, సూది చూస్తే కళ్ళు తిరిగే మా మతగురువు రబ్బీతో సహా. మీరక్కడ నిలబడ్డారని మేమిక్కడ తలెత్తుకుని నడుస్తున్నాం. శుక్రవారం దీపాలు వెలిగించేటప్పుడు నీ పేరు తలుచుకుంటాను. జవాబు రాయక్కర్లేదు. రాస్తే మాత్రం, అక్కడ చలిగా ఉందో లేదో రాయి."

డిసెంబరు 6

పార్సెల్ తిప్పి పంపేయాలి. ఏమని రాసి పంపాలి?

డిసెంబరు 9

"ప్రియమైన మదామ్, టోపీ సరిపోయింది. ఇక్కడ చలిగానే ఉంది." అంతే రాశాను. కింద నిస్సిమ్ అని పెట్టాను.

అబద్ధమేమీ కాదు. వాడెక్కడున్నా చలిగానే ఉంటుంది. పిల్లల తరఫున తండ్రులు బడికి సెలవుచీటీలు రాయరూ?

డిసెంబరు 20

హనుక్కా పండగ మొదటి దీపం నిన్న వెలిగించాం. జోయా తేనె బూరెలు వేయించింది. వాడి కంచం నేను పెట్టాను. జోయా తీసింది. మళ్ళీ పెట్టాను. ఈసారి ఉంచింది.

1974 జనవరి 3

మదామ్ గిత్లా దగ్గర్నుంచి రెండో ఉత్తరం. ‘చలిగా ఉందన్నావు, ఎంత చలి? ఏం తింటున్నావు? మీ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుంది?’ అని అడిగింది.

మూడు పేజీలు రాశాను. చెయ్యి ఆగలేదు. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని, ఏడేళ్ళప్పుడు రేవులో నాన్నకి చెప్పకుండా క్రేను నిచ్చెన ఎక్కేసి దిగడం చేతకాక అక్కడే పాటలు పాడుతూ కూర్చున్నానని, నాన్న ఎక్కి భుజాన వేసుకుని దించాడని, ఇంటికెళ్ళేదాకా దెబ్బ వేయలేదని. నిస్సిమ్ అయితే ఆ సంగతి ఇలాగే చెప్పేవాడు.

ఉత్తరాలు నా చొక్కాల కింద పెడుతున్నాను. జోయాకి ఫ్రెంచి రాదు. అయినా.

జనవరి 27

జెవులూన్ ఈసారి చేతులెత్తి చూపించలేదు.

"ఈజిప్టుతో ఒప్పందం అయింది కదండీ. మన సైన్యం రబ్బీలు ఇప్పుడు ఆ పక్కకి కూడా వెళ్ళి వెతుకుతున్నారు. యుద్ధంలో హడావుడిగా పాతిపెట్టినవాళ్ళలో పేరు తేలనివాళ్ళున్నారు. మీ అబ్బాయికి పళ్ళ డాక్టరు రాసిన కార్డు గానీ, ఎక్స్‌రే గానీ ఉంటే..."

"లేవు. వాడివి ముత్యాల్లాంటి పళ్ళు. ఏనాడూ డాక్టరు మొహం చూడలేదు."

జోయా వంటింటి గుమ్మంలో నిలబడి వింది. పదహారో ఏట వాణ్ణి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి రెండు దవడపళ్ళకి సిమెంటు పెట్టించింది ఆవిడే. లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించుకుంది.

జనవరి 28

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, సైన్యం వాళ్ళు అడుగుతున్నారు, నేనే ఇచ్చొస్తానని చెప్పి, కార్డూ ఎక్స్‌రే తెచ్చేసుకున్నాను. ఆయన నా భుజం తట్టాడు. అవీ చొక్కాల కిందే ఉన్నాయి. పోగొట్టుకోకుండా ఉంటాయని తెచ్చాను. వేరే ఉద్దేశం లేదు.

ఫిబ్రవరి 10

మదామ్ ఉత్తరాలు మారాయి. "నిస్సిమ్, మీ నాన్న సరిగ్గా తింటున్నాడా? తండ్రులు కొడుకుల గురించి ఊరంతా చెప్పుకుంటారు. కొడుకులేమో తండ్రుల మాటే ఎత్తరు. నువ్వలా ఉండకు. రాయి."

వింత మనిషి. ‘నాన్న బాగానే ఉన్నాడు, నిద్ర తక్కువ, కొంచెం మొండి’ అని రాశాను.

మాక్స్ అనే అబ్బాయి గురించి కూడా రాసింది. ఆవిడ కొడుకు. పదకొండేళ్ళవాడు. నలభై రెండులో నాజీలు తీసుకుపోయారు. సైనికుడికి ఇవన్నీ ఎందుకు రాస్తుందో.

ఫిబ్రవరి 19

"పేపో, కార్డెక్కడ పెట్టావు?"

"ఏ కార్డు?"

"డాక్టరు దగ్గరికెళ్ళాను. నువ్వు పట్టుకెళ్ళావన్నాడు."

సంచి తీసుకుని బయల్దేరబోయాను. జోయా తలుపుకి అడ్డంగా నిలబడింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఎప్పుడూ అలా నిలబడలేదు.

"మా అమ్మ, నా ఇద్దరు చెల్లెళ్ళు పొగగొట్టంలోంచి పోయారయ్యా. వాళ్ళకి ఎక్కడ రాయి పెట్టాలో ఈరోజుకీ నాకు తెలియదు. వీడికి చోటుంది. ఎక్కడో ఇసకలో పడుకోబెట్టి నెంబరు రాసి పెట్టారు. నెంబరు, పేపో. నా బిడ్డకి కూడా నెంబరేనా?"

చొక్కా చెయ్యి పైకి లాగి, నాజీల క్యాంపులో తన ముంజేతిమీద పొడిచిన నెంబరు చూపించలేదు. చూపించక్కర్లేదు.

"వాడు బతికే ఉన్నాడు" అన్నాను.

"గిలాద్ చూశాడు. నాతో చెప్పాడు."

"పొగలో..."

"పొగలోనే."

ఆవిణ్ణి పక్కకి జరిపి రేవుకి వెళ్ళిపోయాను. సాయంత్రందాకా ఓడల్ని చూస్తూ కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి నా చొక్కాల బొత్తి కదిపినట్టుగా లేదు. కావాలంటే రెండు నిమిషాల్లో తీసి ఇచ్చేయగలదు. ఎందుకు తియ్యలేదో నాకు తెలుసు. తెలియనట్టు రాద్దామని కలం పట్టుకున్నాను, రాయలేకపోయాను. నా చేత్తో నేనే ఇవ్వాలని.

మార్చి 8

పూరిమ్ పండగ. వీధిలో పిల్లలు సైనికుల వేషాలు వేసుకున్నారు. కిటికీ మూసేశాను.

మార్చి 11

మదామ్ వస్తోంది! పందొమ్మిదో తారీఖున హైఫాలో ఉంటుందట, మా ఇంటికి వస్తానంటోంది. "నీకు సెలవు దొరకకపోయినా ఫరవాలేదు. మీ నాన్నగారిని చూసి పోతాను."

ఏం చెప్పాలో అనుకున్నాను. సీనాయిలో ఉన్నాడు, సెలవులన్నీ రద్దు చేశారు. అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను. బాగానే వచ్చింది.

మార్చి 19, మంగళవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పదకొండింటికి గంట మోగింది. జోయా వెళ్ళి తీసింది. గుమ్మంలో ఇంతే మనిషి, అంత సంచి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జోయా చేతులు చాపింది. మొదటిసారి కలిసినవాళ్ళలా లేరు.

నేను అద్దం ముందు చెప్పుకున్నది మొదలుపెట్టాను. "నిస్సిమ్‌కి సెలవు దొరకలేదు మదామ్. సీనాయిలో..."

"పేపో గారూ, కూర్చోండి" అంది ఆవిడ. నా ఇంట్లో, నా కుర్చీ చూపించి. కూర్చున్నాను.

"నాకు జనవరి నుంచీ తెలుసు."

చొక్కాల కింద నేను దాచిన ఉత్తరాలు జోయా అప్పుడే చూసిందట. మెర్కాడో చేత చదివించుకుంది. వాడు మరదలికి ఫోను చేశాడు. అంతా తెలిసి కూడా ఏమీ ఎరగనట్టు నాకు క్షవరాలు చేస్తూ వచ్చాడు వెధవ.

"మెర్కాడో చెప్పకపోయినా పట్టేసేదాన్నే" అంది మదామ్. "టోపీ పంపితే ఇరవై మూడేళ్ళ కుర్రాడు మూడు పేజీల జవాబు రాస్తాడా? అదీ మా తాతల కాలం ఫ్రెంచిలో? మా మనవడైతే ఒక్క ముక్క రాసి, పక్కన టోపీ బొమ్మ గీసేవాడు."

ఫ్రెంచి రాకపోయినా నా మొహం చూసి జోయా నవ్వు ఆపుకుంది. నాకు చెవులు కాలిపోయాయి.

"తెలిసి కూడా ఎందుకు రాశారు నాకు?"

ఆవిడ సంచిలోంచి కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ సంచిలోనే పెట్టుకుంది.

"మీ అబ్బాయి క్రేను ఎక్కిన సంగతి రాశారు కదా. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ముప్పై రెండేళ్ళలో ఒక కొడుకు గురించి నాకంత వివరంగా రాసినవాళ్ళు లేరు. ఎవరి కొడుకైతేనేం అనుకున్నాను. మీకు సాయం చేద్దామని కాదు. అది నా స్వార్థం."

తర్వాత మాక్స్ గురించి చెప్పింది. ఆగస్టు నెల. ఆవిడ రొట్టె కోసం వరసలో నిలబడింది. ఇంటికొచ్చేసరికి తలుపు తీసి ఉంది, బల్లమీద పాలగ్లాసు సగం తాగి ఉంది. యుద్ధం అయ్యాక ఎవరో ఒక కాగితం ఇచ్చారు. రైలు నెంబరు, అందులో వరస నెంబరు. అంతే.

"మా బెల్జియంలో శ్మశానాల్లో కొన్నేళ్ళు కాగానే ఎముకలు తీసేసి ఆ చోటు ఇంకొకళ్ళకి ఇస్తారు. అందుకని మేం సరిహద్దు దాటి హాలండులో భూమి కొనుక్కుని అక్కడ పాతుకుంటాం. చచ్చాక కూడా కస్టమ్స్ దాటాలి, చూడండి మా రాత. అక్కడ మా ఆయన పక్కన మాక్స్‌కని చోటు ఉంచాను. ఉత్త గడ్డి. ఏటా వెళ్ళి కోయిస్తాను."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. సలోనికాలో మనవాళ్ళ శ్మశానం మొత్తం దున్నేశారు. రాళ్ళు పట్టుకెళ్ళి ఊళ్ళో గోడలకీ మెట్లకీ వేసుకున్నారు. మా నాన్న పేరు ఇప్పుడు ఎవరి కాళ్ళ కింద ఉందో. ఆయన పేరే పెట్టాను వీడికి.

"కార్డు ఇచ్చెయ్యమని చెప్పడానికి వచ్చారు, అవునా?" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది.

"కాదు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇద్దరి సంగతి. పక్కన కూర్చుందామని వచ్చాను. అక్కడ కూర్చుని టోపీలు ఎన్నని అల్లను?"

జోయా బల్లమీద భోజనం పెట్టింది. ముగ్గురం తిన్నాం. వాళ్ళిద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో, క్యాంపులో జోయాకి అబ్బిన నాలుగు యిద్దిష్ మాటలు, గిత్లాకి వచ్చిన ప్రార్థనల హీబ్రూ. ఎలాగో కుదిరింది.

మార్చి 20

ఇచ్చేశాను.

ముగ్గురం బస్సులో సైన్యం వాళ్ళ ఆఫీసుకి వెళ్ళాం. గిత్లా బయట బెంచీ మీద కూర్చుంది. జెవులూన్ కార్డుని రెండు చేతులతో అందుకున్నాడు.

"ఏడు వారాలు దాచాను. అబద్ధం చెప్పాను మీతో" అన్నాను.

"తెలుసండీ" అన్నాడు. "మీరొక్కరే కాదు."

జోయా నా మోచెయ్యి పట్టుకుంది. బస్సు దిగేదాకా వదల్లేదు. నా కొడుకుని ఏడు వారాలు పేరు లేకుండా ఉంచింది నేను. ఈజిప్టు వాళ్ళు కాదు. ఈ వాక్యం కొట్టేయకూడదు.

ఏప్రిల్ 7

నిన్న రాత్రి పస్కా విందు. గిత్లా తిరుగు ప్రయాణం మానుకుంది. మెర్కాడో ప్రార్థన చదివాడు. నేను వాడితో ఇంకా మాట్లాడటం లేదు. గ్లాసు మాత్రం నింపాను.

ఏప్రిల్ 15

మెట్లమీద అడుగులు. ఒకరివి కాదు, ముగ్గురివి. జెవులూన్, ఒక రబ్బీ, ఒక నర్సు. జోయా తలుపు తీసి పట్టుకుంది. కార్డు సరిపోయిందన్నారు.

నిస్సిమ్.

ఏప్రిల్ 17

హైఫా సైనిక శ్మశానం. పెట్టె తేలిగ్గా ఉంది. జీవితమంతా బరువులు మోసినవాణ్ణి, చూడగానే తెలుస్తుంది.

ఇంతమంది వస్తారనుకోలేదు. రేవు రేవంతా వచ్చింది. ఎప్పుడో చిన్నప్పుడు వాడు క్రేను ఎక్కితే కింద నిలబడి అరిచిన ముసలాళ్ళు కూడా. చనిపోయినవాళ్ళ ప్రార్థన, కద్దిష్, నేను చదివాను. తండ్రికి కొడుకు చదవాల్సింది. మధ్యలో ఒక మాట మర్చిపోయాను, వెనకనుంచి నలభై గొంతులు అందించాయి.

సమాధిమీద చిన్న రాయి పెట్టడం మావాళ్ళ ఆచారం. అందరూ వెళ్ళాక గిత్లా మట్టిమీద రెండు రాళ్ళు పెట్టింది. ఒకటి వీడికి. రెండోది ఎవరికని నేను అడగలేదు.

ఏప్రిల్ 19

సంతాపం ఏడు రోజులూ ఆచారం ప్రకారం పొట్టి పీటలమీద కూర్చుంటున్నాం. గిలాద్ వచ్చాడు.

"ఇప్పుడు చెప్పరా" అన్నాను.

చెప్పాడు. మొత్తం విన్నాను. త్వరగా అయిపోయిందట. ఆ ముందు క్షణం దాకా రేడియోలో పక్క టాంకు వాణ్ణి ఆటపట్టిస్తూ నవ్వుతున్నాడట. ఆ వెక్కిరింత ఏమిటో మూడుసార్లు చెప్పించుకున్నాను. జోయా కూడా నవ్వింది, ఏడ్చింది. ఆ రోజు చేప తినిపించి నోరు మూయించినందుకు క్షమించమన్నాను. "చేప బావుంది బాబాయ్" అన్నాడు వాడు.

ఏప్రిల్ 23

లేచాం. ఆచారం ప్రకారం ఇంటి చుట్టూ వీధి ఒకసారి తిరిగొచ్చాం. ఎండ బాగా ఉంది. మెర్కాడో దుకాణం ముందు ఆగాను. "గడ్డం ముప్పై రోజులదాకా తీయకూడదుగా, ఎందుకొచ్చావు?" అన్నాడు. "తిట్టడానికి" అన్నాను. "సరే, కూర్చో" అన్నాడు.

ఏప్రిల్ 24, బుధవారం. యుద్ధాల్లో పోయిన సైనికుల స్మారక దినం

ఎన్నో ఏళ్ళుగా ఈ రోజున వీధిలో నిలబడేవాణ్ణి, సైరన్ మోగుతుంటే తలవంచుకుని. ఈసారి శ్మశానానికి వెళ్ళాం, జోయా, గిత్లా, నేను. వరసల మధ్య కాలు పెట్టే సందు లేదు. ఒక్కో మట్టిదిబ్బ చుట్టూ ఒక్కో కుటుంబం. వీడికింకా రాయి రాలేదు. చెక్క పలకమీద పేరు ఉంది. పేరు, వయసు, మా పేర్లు.

పదకొండింటి సైరన్‌కి ఇంకా కొన్ని నిమిషాలున్నాయనగా ఒకావిడ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయేమో. మొరాకో వాళ్ళలా తలకి గుడ్డ కట్టుకుంది. చేతిలో పూలున్నాయి. వరసలన్నీ తిరుగుతోంది, ఏ పలకమీదా పేరు చదవడం లేదు. మా దగ్గర ఆగింది.

"అమ్మా, ఇక్కడ కాసేపు నిలబడనా?" అని జోయాని అడిగింది. "మావాడింకా దొరకలేదు. ఈ వేళప్పుడు ఇంట్లో ఉండలేకపోయాను. నాకు నిలబడటానికి చోటు లేదు."

జోయా జరిగింది. నేనూ జరిగాను. గిత్లా ఆవిడ చేతిలోని పూలు అందుకుని సగం మట్టిమీద పెట్టి, సగం ఆవిడకే తిరిగి ఇచ్చింది. నలుగురం నిస్సిమ్ కాళ్ళ వైపు వరసగా నిలబడ్డాం.

"మీ అబ్బాయి పేరేంటమ్మా?" అని అడిగాను.

ఆవిడ చెప్పబోయేసరికి సైరన్ మోగింది. పెదవులు కదలడం కనిపించింది, మాట వినపడలేదు. సైరన్ ఆగేదాకా ఎవరం కదల్లేదు.

ఆగాక మళ్ళీ అడిగాను.

"ఎల్యాకిమ్" అంది.

రాసి పెట్టుకుంటున్నాను. ఎల్యాకిమ్. ఇరవై ఏళ్ళు. ఇంకా దొరకలేదు.